కూల్చే ముందు ఒక్క సీజన్ ఆగండి

సంపాదకులకు నమస్కారం.

పాత సాఫ్ట్‌వేర్ల మీద ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పదేళ్లు దాటిన వెబ్ అప్లికేషన్ ఏదైనా సరే పక్కన పడేసి కొత్త టెక్నాలజీలో మళ్లీ రాయించుకోవాలి, ఇప్పుడు ఏఐ ఉంది కాబట్టి అదేమంత పెద్ద పని కాదు అని అందులోని సారాంశం. రాసినాయన ఉద్దేశం మంచిదే, కాదనను. కాని వేరేవాళ్లు రాసి వదిలేసి వెళ్లిన కోడ్‌ని నెత్తిన పెట్టుకుని ఆయన ఎప్పుడైనా పని ముంచెత్తే మార్చి నెల ఒకటి గడిపారా అని అనుమానం వచ్చింది. నేను గడిపాను. మొదటిసారి బోర్లా పడ్డాను కూడా. అందుకే ఈ ఉత్తరం, మరీ పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలు చూసే వెబ్ అప్లికేషన్ ఒకటి 2017లో మా చిన్న ఆఫీసు చేతికొచ్చింది. 2009లో ఒక కుర్రాడు ఒక్కడే కూర్చుని రాశాడట, తర్వాత ఎక్కడో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు కూడా మారిపోయింది. అది చేసే పని వినడానికి చాలా చిన్నది. రైతు టిక్కీలు తెస్తాడు (మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు), కాటా వేస్తారు, తేజానా, 334నా, బాడిగా, తాలా అని రకం రాస్తారు, ఏ చాంబరులో ఏ అంతస్తులో పెట్టారో రాస్తారు, చివరికి రైతు చేతికి బాండు ఇస్తారు. ఆ బాండు పట్టుకెళ్లి అతను బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. అంటే బాండు మీద ఒక అంకె తప్పు పడితే దాన్ని మేం బగ్ అనుకుంటాం గాని, కిటికీ అవతల నిలబడ్డవాడికి అది పిల్ల ఫీజు, పురుగుమందు బాకీ.

కోడ్ తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. అంతా పీహెచ్‌పీ, అంటే వెబ్ పేజీల కోసం వాడే ఒక ప్రోగ్రామింగ్ భాష. ఎంట్రీ, ఎంట్రీ 2, ఎంట్రీ న్యూ, ఎంట్రీ ఫైనల్, ఎంట్రీ ఫైనల్ పాతది అని అయిదు ఫైళ్లు ఉంటే నిజంగా నడుస్తున్నది ఎంట్రీ 2 అని కనుక్కోడానికే రెండు రోజులు పట్టింది. అసలు ఫైలు 4,600 లైన్లు. అందులోనే స్క్రీన్ మీద కనపడే పెట్టెలు, అందులోనే డేటాబేస్ ప్రశ్నలు, అందులోనే అద్దె లెక్క, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వేరియబుల్ పేర్లు సగం తరుగు, టిక్కీ, హమాలీ, మిగతా సగం ఎక్స్, ఎక్స్ ఎక్స్, ఎక్స్ ఎక్స్ ఎక్స్. ప్రతి ప్రోగ్రామరూ ఇలాంటప్పుడు అనే మాటే నేనూ అన్నాను, "ఎవడ్రా ఇది రాసింది?" అని. ఆ వారంలోనే ఓనరు గారి దగ్గరకెళ్లి, ఇది బాగుచేసే సరుకు కాదండీ, ఆరు నెలలు టైమివ్వండి, మొత్తం కొత్తగా రాసిస్తాం అని చెప్పేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

ఆరు నెలలు కాస్తా పద్నాలుగు నెలలయింది. 2019 మార్చిలో, అంటే మిర్చి యార్డులో సరుకు వెల్లువెత్తే రోజుల్లో, పాతది ఆపేసి కొత్తది ఎక్కించాం. స్క్రీన్లు చూడముచ్చటగా ఉన్నాయి. మొబైల్లో కూడా తెరుచుకుంటోంది. మూడో రోజుకే గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా వచ్చాయి, ఎందుకంటే పాత స్క్రీన్లో గుమస్తా మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ మీద ట్యాబ్ కొట్టి పదిహేను సెకన్లలో ఒక లాటు ఎక్కించేవాడు, మా అందమైన స్క్రీన్లో దానికి నాలుగు క్లిక్కులు, రెండు డ్రాప్‌డౌన్లు. అది ఎలాగో సర్దుకున్నాం. అసలు దెబ్బ తొమ్మిదో రోజు తగిలింది.

పాత ఫైల్లో 2,113వ లైన్లో ఒక షరతు ఉండేది: బాండు నంబరు 9తో మొదలైతే అద్దె సున్నా. ఎందుకో చెప్పే వ్యాఖ్య పైన లేదు, కింద వివరం లేదు. ఏదో టెస్టింగ్ కోసం పెట్టి తీసేయడం మర్చిపోయాడు అనుకుని మేం కొత్తదాంట్లో దాన్ని రాయలేదు. ఆ సాయంత్రం ఒక రైతు కిటికీ దగ్గర బాండు కాగితం పెట్టి, "అద్దె అక్కడే కట్టేశానయ్యా, మళ్లీ ఎందుకు వేశారు?" అని అడిగాడు. పక్కన పెద్ద గుమస్తా గారు నా మొహం చూసి తల పట్టుకున్నారు. విషయం ఏమిటంటే, ఎప్పుడో ఒక ఏడాది సీజన్ మధ్యలో ఇంకో కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసరు చెడిపోయి, సరుకు పాడవుతుందని టిక్కీలన్నీ ఇక్కడికి తరలించారు. అద్దె రైతులు అక్కడే కట్టేశారు కాబట్టి ఓనర్లిద్దరూ వాళ్లలో వాళ్లు చూసుకుంటామన్నారు, రైతు నుంచి మళ్లీ వసూలు చేయొద్దని ఆ బాండ్లకి 9 సిరీస్ పెట్టారు. తర్వాత ఎప్పుడు సరుకు అలా వేరేచోట నుంచి మారినా అదే సిరీస్ వాడుతున్నారు. ఆ ఒప్పందం ఏ కాగితం మీదా లేదు. ఒకటి పెద్ద గుమస్తా గారి బుర్రలో ఉంది, రెండోది 2,113వ లైన్లో ఉంది. పన్నెండో రోజు మా కొత్తదాన్ని పక్కన పెట్టి పాతదాన్నే మళ్లీ ఎక్కించాం. ఈ మధ్యలో ఎక్కిన ఎంట్రీలన్నీ చేత్తో మళ్లీ కొట్టాం, నేనూ మా ఆవిడా కూడా కూర్చుని. పద్నాలుగు నెలల పని అలా పోయింది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అయితే మీకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఒకప్పుడు ఇంటర్నెట్ అంటే నెట్‌స్కేప్ అనుకునేవాళ్లం గుర్తుందా? వాళ్లు 1998లో తమ బ్రౌజరు కోడ్‌ని బయటపెట్టి, అదే ఏడాది అక్టోబరులో అది పనికిరాదు, కొత్త ఇంజిన్ (పేజీలని తెర మీద చూపించే భాగం) మీద మళ్లీ రాద్దామని నిర్ణయించారు. కొత్త నెట్‌స్కేప్ 6 బయటికి వచ్చేసరికి 2000 నవంబరు. 5 అనేది రానే లేదు. ఆ రెండేళ్లలో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ జనం కంప్యూటర్లన్నీ ఎక్కి కూర్చుంది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ కొత్త ఇంజిన్ వృథా పోలేదు, దాని మీదే 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది, నేను ఇవాళ్టికీ అదే వాడతాను. కాకపోతే అప్పటికి నెట్‌స్కేప్‌ని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ కొనేయడం, ఏడాది ముందు ఆ విభాగాన్ని మూసేయడం కూడా అయిపోయాయి.

మనకి దగ్గరి సంగతి కావాలంటే ఆదాయపు పన్ను పోర్టల్. 2021 జూన్ మొదటి వారం పాతది ఆపి, 7వ తేదీన కొత్తది తెరిచారు. ఆగస్టు 21, 22 తేదీల్లో అసలు తెరుచుకోకపోతే ఆర్థిక శాఖ దాన్ని తయారుచేసిన కంపెనీ అధిపతిని పిలిపించి సంజాయిషీ అడిగింది, మామూలు జనం రిటర్నుల గడువు ఆ ఏడాది డిసెంబరు 31 దాకా జరిగింది. మా చార్టర్డ్ అకౌంటెంటు ఆ నాలుగు నెలలూ ఫోన్ ఎత్తితే ఒట్టు. ఇప్పుడది బాగానే నడుస్తోంది, నేను కాదనడం లేదు. నా గొడవంతా పాతదాన్ని ఒక తేదీన ఆపేసి కొత్తదాన్ని ఒక తేదీన మొత్తంగా తెరవడం మీద.

అసలు ఈ విషయంలో మన తెలుగువాళ్లకి చెప్పేదేముంది. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు తేదీలు తప్పు లెక్కేస్తాయని భయపడ్డ వైటూకే రోజులు గుర్తు తెచ్చుకోండి. హైదరాబాదు అమీర్‌పేట సందుల్లో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని ఎంతమంది విమానం ఎక్కారు! ఆ రోజుల్లో అమెరికా బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు తమ పాత ప్రోగ్రాములు పీకేసి కొత్తవి రాయించుకోవడానికి మనవాళ్లని పిలవలేదు. సంవత్సరానికి రెండంకెలే రాసుకున్న చోట్లు వెతికి, కొన్నిచోట్ల నాలుగంకెలు చేసి, కొన్నిచోట్ల అంతకన్నా తేలిగ్గా ఫలానా అంకెకన్నా తక్కువైతే 2000లు, ఎక్కువైతే 1900లు అని ఒక షరతు పెట్టి ముందుకు పోయారు. మరమ్మతు పని అది. కోబాల్ పుట్టింది 1959లో, కోవిడ్ వచ్చిన 2020 ఏప్రిల్‌లో కూడా అమెరికాలో న్యూజెర్సీ గవర్నరు కోబాల్ వచ్చినవాళ్లు ఉంటే రండి బాబూ అని టీవీలో అడిగాడు. మన ఇళ్లలో ఎన్నో గృహప్రవేశాలు వేరేవాళ్ల పాత కోడ్ దయ వల్ల జరిగినవే. అలాంటి మనమే ఇప్పుడు పాత కోడ్ అంటే ముక్కు మూసుకుంటున్నాం, ఎందుకంటే రెజ్యూమేలో కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు పడాలి. ఇది నేను ఎవరినో అనడం లేదు, 2017లో నా మనసులో ఉన్నదీ అదే.

అలాగని పాతదాన్ని దేవుడి గదిలో పెట్టి పూజ చేయమని అనను. మా దాంట్లో తప్పనిసరిగా మార్చాల్సినవి ఉన్నాయి, వాటిలో ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను.

2009లో ఆ కుర్రాడు రైతుల పేర్లు తెలుగులో ముద్రించాలని యూనికోడ్ (ఏ కంప్యూటరుకైనా అర్థమయ్యే అక్షర పద్ధతి) కాకుండా డీటీపీ వాళ్లు, అంటే అచ్చుకి కంపోజ్ చేసేవాళ్లు, వాడే ఫాంటు ఒకటి వాడాడు. అలాంటి ఫాంట్లలో డేటాబేస్‌లో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, ఫాంటు తగిలిస్తేనే తెలుగులా కనపడతాయి. అతను వాడిన ఫాంటులో య వత్తు వచ్చి ఇంగ్లీషు కొటేషన్ గుర్తు స్థానంలో కూర్చుంది. పాత పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అని ఒక సదుపాయం ఉండేది, అది అలాంటి గుర్తు వస్తే ముందు ఒక గీత పెట్టి డేటాబేస్ కంగారు పడకుండా కాపాడేది. 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు, తీసేయడమే మంచిది కూడా. ఎప్పుడో హోస్టింగ్ వాళ్లు, అంటే సర్వరు అద్దెకిచ్చినవాళ్లు, దాన్ని 5.6కి మార్చారు. ఆ రోజు నుంచి పేరులో య వత్తు ఉన్న రైతు ఎవరూ సేవ్ అవ్వడం లేదు. గుంటూరు, పల్నాడు పల్లెల్లో వెంకయ్య, సుబ్బయ్య, రామయ్య లేకుండా రైతుల జాబితా ఏముంటుంది చెప్పండి! గుమస్తాలు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. వెంకయ, సుబ్బయ, రామయ అని కొట్టడం అలవాటు చేసుకున్నారు. బ్యాంకులో ఆధార్ మీద ఒక పేరు, బాండు మీద ఇంకో పేరు అని కొర్రీలు పడితే, రైతు చేత ఇద్దరూ ఒకరే అని కాగితం రాయించేవారు. ఎన్నేళ్లో తెలుసా, నాలుగు సీజన్లు.

ఇది చిన్న బగ్‌లా కనపడుతుంది గాని, ఎవడైనా దుర్మార్గుడు అదే పెట్టెలో కొటేషన్ గుర్తు పెట్టి నాలుగు ముక్కలు తెలివిగా రాస్తే డేటాబేస్ మొత్తం చేతికొచ్చేస్తుంది. పైగా మైఎస్‌క్యూఎల్ అనే ఆ డేటాబేస్‌తో మాట్లాడడానికి ఆ కోడ్ వాడిన పాత ఫంక్షన్లని 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా తీసేశారు. 5.6కి సెక్యూరిటీ మరమ్మతులు 2018 డిసెంబరు 31తో ఆగిపోయాయి. అంటే అక్కడే ఉండిపోవడానికీ లేదు. వ్యాసకర్త గారు ఈ సంగతి రాసి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

మరి అప్పుడేం చేశాం అంటే, ఈసారి కూల్చలేదు. ముందు ఒక సీజనంతా నేను కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో గుమస్తాల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ప్రతి వింత షరతుకీ పెద్ద గుమస్తా గారిని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను, నలభై దాకా వచ్చాయి. అందులో నిజంగా చచ్చిన కోడ్ ఏడే. మిగతా వాటన్నిటికీ ఒక కథ ఉంది. తర్వాత పాతది ఇచ్చే బాండ్లు ఓ రెండు వందలు ఏరి, ఇదే సమాచారం ఇస్తే ఇదే అంకె రావాలి అని చిన్న పరీక్షలు రాసుకున్నాం, లెక్క తప్పా ఒప్పా అని కాదు, మారకుండా ఉందా అని మాత్రమే. అప్పుడు మైఎస్‌క్యూఎల్ పిలుపులన్నీ, మూడొందల చిల్లర, ఒక్కొక్కటిగా కొత్త పద్ధతికి మార్చి పీహెచ్‌పీ 7కి ఎక్కాం. మూడు వారాల పని. పద్నాలుగు నెలలు ఎక్కడ, మూడు వారాలు ఎక్కడ.

పేర్లని యూనికోడ్‌లోకి మార్చడం మాత్రం ఏడిపించింది. ఆ ఫాంటులో అక్షరం కంటికి కనపడే వరసలో ముక్కలు ముక్కలుగా ఉంటుంది, యూనికోడ్‌లో పలికే వరసలో ఉంటుంది, కాబట్టి ఊరికే ఇది తీసి అది పెట్టడం కాదు, వరస తిప్పాలి. అదైనా ప్రోగ్రాముతో అయింది. కాని వెంకయని మళ్లీ వెంకయ్య చేయడం ఎలా? చివర య ఉన్న ప్రతి పేరుకీ వత్తు తగిలిద్దామంటే విజయ గారు విజయ్య అవుతారు. చివరికి ఆధార్ జిరాక్సులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చేత్తో దిద్దాం.

తర్వాత పాత ఇల్లు ఒక్కో గదీ బాగుచేసినట్టు చేశాం. ముందు లాగిన్, తర్వాత బాండు ముద్రణ, తర్వాత రిపోర్టులు. కొత్త ముక్క తయారైనప్పుడల్లా ఆ ఒక్క దారినే కొత్తదానికి మళ్లించడం, మిగతావన్నీ పాతదాంట్లోనే నడవడం, తేడా వస్తే ఆ దారి మళ్లీ వెనక్కి తిప్పుకోవడం. ఇది నేను కనిపెట్టింది కాదు, మార్టిన్ ఫౌలర్ అనే ఆయన ఆస్ట్రేలియాలో వేరే చెట్టుని చుట్టేసే మర్రిజాతి చెట్లని చూసి 2004లో ఈ పద్ధతికి ఆ చెట్టు పేరే పెట్టాడు. మనం అంతదూరం పోనక్కర్లేదు, ఏ చేలగట్టు మీదైనా తాటిచెట్టు మొవ్వలో పిట్ట వేసిన మర్రిగింజ మొలిచి, వేళ్లు తాటి ఒంటి మీదుగా నేల దాకా దిగడం చూసే ఉంటారు. తాడి ఏ రోజున పోయిందో ఎవరికీ తెలియదు.

ఇలా చేస్తున్నప్పుడే 2022 ఏప్రిల్ 4 వచ్చింది, గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడైంది. పాత కోడ్‌లో గుంటూరు జిల్లా అన్న మాట పందొమ్మిది చోట్ల చేత్తో రాసి ఉండేది. అప్పటికి దాన్ని ఒక టేబుల్లోకి మార్చేశాం కాబట్టి అరగంటలో అయిపోయింది. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటైనప్పుడు, 2019లో ముప్పై మూడైనప్పుడు ఇలాంటి డ్రాప్‌డౌన్లు ఎంతమంది చేత రాత్రిళ్లు జాగారం చేయించాయో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. పాత బాండు నకలు మళ్లీ ముద్రిస్తే నరసరావుపేట రైతుకి గుంటూరు జిల్లా అనే పడాలి, ఎందుకంటే బ్యాంకులో ఉన్న మొదటి కాగితం మీద అలాగే ఉంది. ఇది కూడా గుమస్తా గారే చెప్పారు.

ఇక ఏఐ సంగతి. నేనూ వాడతాను, రోజూ వాడతాను. ఈమధ్య సరదాకి పాత 4,600 లైన్ల ఫైలు ఇచ్చి శుభ్రంగా తిరగరాయమన్నాను. నిమిషాల్లో రాసింది, నాకన్నా బాగా రాసింది. 9 సిరీస్ షరతు దగ్గర మాత్రం, ఇది పాత టెస్టింగ్ మిగులులా ఉంది, తీసేయవచ్చు అని సలహా ఇచ్చింది. 2018లో నేను అనుకున్నది అచ్చంగా అదే. దాన్ని తప్పు పట్టలేను, అదెప్పుడూ కిటికీ దగ్గర కూర్చోలేదు.

కాబట్టి వ్యాసకర్త గారికి, అలాగే పాత సాఫ్ట్‌వేర్ చేతికొచ్చిన కుర్రాళ్లకి, ముఖ్యంగా ఆఫీసరు మారగానే కొత్త టెండరు పిలిచే ఆఫీసులకి నేను చెప్పేది ఒకటే. తిరగరాయాలా వద్దా అన్న నిర్ణయం మొదటి నెలలో తీసుకోకండి. ఆ సాఫ్ట్‌వేర్‌కి పని ఎక్కువగా ఉండే ఒక సీజన్, స్కూలుదైతే అడ్మిషన్లు, ఆసుపత్రిదైతే జ్వరాల రోజులు, పూర్తిగా చూసి అప్పుడు చెప్పండి. సర్వరు మీద ఇక బతకలేని పరిస్థితి ఉంటే, తలుపులు తెరిచి దొంగల్ని పిలుస్తుంటే, ముందు ఆ తలుపు వరకు మార్చండి. వికారంగా ఉందన్న ఒక్క కారణానికి మాత్రం ముట్టుకోకండి. వాడేవాళ్లలో పాతకాపు ఎవరైనా ఉంటే ఆయన రిటైరయ్యేలోపు పక్కన కూర్చోండి. ఓనర్లకి కూడా ఒక మాట, వచ్చిన వారానికే "మొత్తం కొత్తగా రాసిస్తాం" అనేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి, నాకు ఇచ్చి చూశారుగా.

మా దాంట్లో ఇప్పటికీ పాత ఫైలు పూర్తిగా పోలేదు. 4,600 లైన్లలో ఓ ఏడొందలు మిగిలాయి, అన్నీ అద్దె లెక్కే. దాని జోలికి వచ్చే ఏడాది యార్డుకి వేసవి సెలవులిచ్చాక గాని పోను. 9 సిరీస్ షరతు పైన మాత్రం ఇప్పుడు తెలుగులో అయిదు లైన్ల వ్యాఖ్య ఉంది. పెద్ద గుమస్తా గారు చెబుతుంటే నేను టైపు చేశాను, కంప్రెసరు ఏ ఏడాది చెడిపోయిందో, ఎన్ని లారీల్లో సరుకొచ్చిందో కూడా రాయించారు. అంత అవసరం లేదండీ అన్నాను. ఉండనీ అన్నారు. ఆయన మొన్న మే నెలాఖరుకి పని మానేశారు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామరు,
గుంటూరు.